క్యాజువాలిటీలో వృద్ధులు: కేస్ షీటులో లేని ఒక ప్రశ్న

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య విద్యా సంచాలకులకు, బోధనాసుపత్రుల, జిల్లా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు ఒక విశ్రాంత హెడ్ నర్సు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

నేను ప్రభుత్వాసుపత్రుల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు నర్సుగా పనిచేశాను. అందులో సగానికి పైగా అత్యవసర కేసులు వచ్చే క్యాజువాలిటీలోనూ, దానిని ఆనుకుని, తీవ్ర స్థితిలో ఉన్న రోగులను ఉంచే ఏఎంసీ వార్డులోనూ గడిచింది. పదవీ విరమణ చేసిన మూడో ఏట, ఒక రాత్రి మా అత్తగారిని తీసుకుని ఒక పెద్దాసుపత్రికి అటెండెంటుగా వెళ్లవలసి వచ్చింది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. ఆ రాత్రి డ్యూటీలో నేనే ఉన్నా అక్కడివాళ్లు చేసినదే చేసి ఉండేదాన్నని నాకు తెలుసు. కాబట్టి దీనిని ఒక ఆసుపత్రి మీద ఫిర్యాదుగా కాక, నాకూ ఉండిన ఒక అలవాటును మాన్పించమని చేస్తున్న విన్నపంగా చదవమని కోరుతున్నాను.

మా అత్తగారికి అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్లు. రక్తపోటుకు పదేళ్లుగా అటెనొలాల్ మాత్ర వేసుకుంటున్నారు. తెల్లవారుజామునే లేచి, వాకిలి ఊడ్చి ముగ్గు వేసి, నెలాఖరున పాలవాడి లెక్క కాగితం లేకుండా నోటితోనే తేల్చేసే మనిషి. అలాంటి మనిషి రెండు రోజులుగా సరిగా అన్నం తినలేదు. మూడో రోజు సాయంత్రానికి నన్ను గుర్తుపట్టక, ఎప్పుడో కాలం చేసిన తన అన్నగారితో మాట్లాడటం మొదలుపెట్టారు. రాత్రి తొమ్మిదిన్నరకు చీటీ రాయించి లోపలికి తీసుకువెళ్లాం. రక్తపోటు 106/70, నాడి 76, జ్వరం 99 డిగ్రీలు అని రాశారు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో రాయవలసిన గడిలో 18 అని ఉంది. ఆ శ్వాసను ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ 18 ఎక్కడి నుంచి వస్తుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నా సర్వీసులో వేల కేస్ షీట్లలో నేను కూడా గడియారం చూడకుండా అదే అంకె వేశాను.

"ఏంటమ్మా ఇబ్బంది?" అని హౌస్ సర్జన్ అడిగితే, "ఏమీ లేదు నాయనా, ఇంటికి పంపెయ్" అన్నారు మా అత్తగారు. అంకెలు బాగున్నాయి, మనిషి కూడా ఏమీ లేదంటున్నది, పక్కనే లారీ గుద్దిన కుర్రవాడికి రక్తం ఆగడం లేదు. ఒక సెలైన్ పెట్టి, వీల్‌చైర్‌లో గోడ పక్కన ఉంచారు. ఆమె సూది పీకేసుకోబోతే చేతిని బ్యాండేజీ గుడ్డతో కుర్చీకి కట్టి, నిద్ర పట్టడానికి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. ఆమె ఇలా ఉండే మనిషి కాదని నేను రెండుసార్లు వెళ్లి చెప్పాను. "వయసైపోయింది కదమ్మా, ఇలాగే ఉంటుంది" అన్నారు. తెల్లవారుజాము నాలుగున్నరకు ఆమె పెదవులు నల్లబడటం చూసి నేనే కేక వేశాను. ఆక్సిజన్ 82 ఉంది. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా న్యుమోనియా. దగ్గు లేదు, చెప్పుకోదగ్గ జ్వరం లేదు, ఆయాసంగా ఉందని ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

పంతొమ్మిది రోజుల తరువాత ఇంటికి తీసుకువచ్చాం. ఇప్పుడు వాకిట్లోకి రావాలన్నా గోడ పట్టుకోవాలి. పాలవాడి లెక్క నేను చూస్తున్నాను.

ఆ రాత్రి ఎవరూ నన్ను అడగని ప్రశ్న ఒకటుంది: "ఈమె మొన్నటిదాకా ఎలా ఉండేవారు?" మన క్యాజువాలిటీ కేస్ షీటులో ఈ ప్రశ్నకు చోటు లేదు. రోగి పేరు, వయసు, వచ్చిన సమయం, తెచ్చినవారి పేరు, ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలపవలసిన కేసు, అవునా కాదా అన్నవాటికి గడులున్నాయి. మనిషి మొన్నటిదాకా నడిచేదా, తన మాత్రలు తానే వేసుకునేదా, మనుషులను గుర్తుపట్టేదా అన్నదానికి ఒక గీత కూడా లేదు. ఈ లేఖలో నేను కోరబోయే వాటిలో మొదటిదీ ముఖ్యమైనదీ ఆ ఒక్క గీతే.

ఎందుకంటే ఆ కేస్ షీటులోని అంకెలు, ఆ 18 తప్ప, అబద్ధం కావు. వాటిని చదివిన కొలబద్ద పాతికేళ్ల మనిషిది. మా అత్తగారి రక్తపోటు మాత్ర వేసుకున్నా 150కి దిగేది కాదు. ఆ ఒంటికి 106 అంటే బాగున్నట్టు కాదు, కూలిపోతున్నట్టు. అరవై ఐదేళ్లు దాటినవారికి దెబ్బ తగిలినప్పుడు పై రక్తపోటు 110 లోపు ఉంటే అది షాక్ కావచ్చునని అమెరికాలో అంబులెన్సు సిబ్బందికి ఇచ్చే మార్గదర్శకాలలో 2011 నాటికే చేర్చారు. మనం ఇంకా అందరికీ 90 దాకా ఆగుతున్నాం. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారి గుండె, ఒంట్లో ఎంత ఉపద్రవం జరుగుతున్నా తగినంత వేగం అందుకోలేదు. కాబట్టి 76 అనే నాడిని చూసి ధైర్యపడటానికి వీల్లేదు. జ్వరం సంగతీ అంతే. నీరసించిన వృద్ధులలో రోగకారక క్రిములు రక్తంలోకి చేరిన తరువాత కూడా ఒళ్లు వేడెక్కకపోవచ్చు. అందుకే వారికి ఎప్పుడూ ఉండే వేడి కంటే రెండు ఫారెన్‌హీట్ డిగ్రీలు పెరిగినా దాన్ని జ్వరంగానే లెక్కించాలని వృద్ధాశ్రమాల వైద్యంలో నియమం పెట్టుకున్నారు. ఇవన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తాయి. వృద్ధుల విషయంలో పుస్తకంలోని సాధారణ అంకె కంటే ఆ మనిషికి మామూలుగా ఉండే అంకె ముఖ్యం, దాన్ని అడిగితే తప్ప తెలియదు.

నొప్పి కూడా ఈ వయసులో తన గుర్తులు మార్చుకుంటుంది. గుండెపోటు వచ్చిన ఎనభై ఏళ్ల మనిషి గుండె పట్టుకుని రాకపోవచ్చు. కళ్లు తిరిగి పడ్డానంటాడు, రెండు మెట్లెక్కితే ఆయాసమంటాడు, లేదా గ్యాస్ పట్టిందని సోడా తాగి పడుకుంటాడు. పేగుకు రంధ్రం పడినా పొట్ట బల్లలా బిగుసుకోకుండా మెత్తగానే ఉన్న పెద్దవారిని నేను ఆపరేషన్ థియేటరుకు పంపించాను, ఆలస్యంగానే. బాత్రూంలో జారిపడి, లేచి కాఫీ తాగి, మూడు వారాల తరువాత మాట తడబడుతూ వచ్చే వారిలో తల లోపల నెమ్మదిగా రక్తం గూడుకట్టి ఉంటుంది. అప్పటికి ఆ పడిన సంగతి ఇంట్లోవాళ్లు కూడా మరిచిపోయి ఉంటారు. షుగరు మాత్రలు వేసుకుని అన్నం తినక స్పృహ తప్పినవారికి 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించగానే లేచి కూర్చుంటారు, ఇంట్లోవాళ్లు దండం పెడతారు, మనం ఇంటికి పంపిస్తాం. గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్ర, అందులోనూ మూత్రపిండాలు బలహీనపడ్డ ఒంట్లో, ఒక రోజుకు పైగా పనిచేస్తూనే ఉంటుంది కనుక ఆ మనిషి అదే రాత్రి మళ్లీ ఇంట్లో, నిద్రలో స్పృహ తప్పుతాడు. ఇది కొత్త సంగతి కాదు, ఏ ఏఎంసీ నర్సును అడిగినా చెబుతుంది.

ఇక అయోమయం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మనం అన్నిటికంటే ఎక్కువ తప్పు చేస్తున్నది ఇక్కడే. హఠాత్తుగా వచ్చి, ఒక గంట ఉండి, ఒక గంట తగ్గి, రాత్రిపూట పెరిగే ఈ స్థితిని వైద్యులు డెలీరియం అంటారు. తెలుగువారికి ఇది తెలియని వస్తువు కాదు. సంధి అనీ, సంధి ప్రేలాపన అనీ మన ముందుతరాలవారు దీనికి పేరు పెట్టుకున్నారు. ఆ పేరు వినబడితే ఇల్లంతా భయపడేది, వైద్యుడికి కబురు వెళ్లేది. సంధి అంటే ప్రాణాపాయానికి గుర్తు అని చదువురాని అమ్మమ్మలకు తెలిసిన విషయాన్ని, మనం ఇంత చదివి "వయసైపోయింది" అన్న ఒక్క మాట కింద కప్పేశాం. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగే మతిమరుపు వేరు, మూడు రోజుల్లో మనిషి మారిపోవడం వేరు. రెండింటికీ తేడా చెప్పగలిగేది ఇంటి మనిషి ఒక్కరే, వారిని అడగవలసింది మళ్లీ అదే ప్రశ్న.

ఇంగ్లండులో ఆసుపత్రులన్నీ వాడే ప్రమాద సూచిక పట్టికలో రక్తపోటు, నాడి, శ్వాస, ఆక్సిజన్, జ్వరం వంటివాటికి మార్కులు వేస్తారు. 2017లో అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఆ పట్టికను సవరిస్తూ, కొత్తగా వచ్చిన అయోమయానికి మూడు మార్కులు ఇచ్చింది. నిమిషానికి ఇరవై ఐదుసార్లు ఊపిరి తీసేవారికి ఎన్ని మార్కులో దీనికీ అన్నే. మరేమీ తేడా లేకపోయినా ఆ ఒక్కటి ఉంటే చాలు, వైద్యుడు వెంటనే వచ్చి చూడాలి. మా అత్తగారిని ఆ పట్టికతో చూసి ఉంటే రాత్రి తొమ్మిదిన్నరకే ఆమె గోడ పక్కన కాక డాక్టరు కళ్ల ముందు ఉండేవారు.

ఈ అయోమయాన్ని పట్టుకోవడానికి 4ఏటీ అనే చిన్న పరీక్ష ఉంది. ఎడింబరోలో రూపుదిద్దుకున్న ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, ప్రత్యేక శిక్షణ కూడా అక్కరలేదు. మనిషి చురుకుగా ఉన్నారా, మగతగా ఉన్నారా అని చూస్తారు. వయసు, పుట్టిన తేదీ, ఇప్పుడున్న చోటు, ఇప్పటి సంవత్సరం అడుగుతారు. డిసెంబరు నుంచి వెనక్కి నెలల పేర్లు చెప్పమంటారు. ఈ మార్పు హఠాత్తుగా వచ్చిందా అని ఇంటివారిని విచారిస్తారు. నాలుగు మార్కులు, అంతకంటే ఎక్కువ వస్తే డెలీరియంగా అనుమానించాలి. దీన్ని ఉన్నది ఉన్నట్టు మన క్యాజువాలిటీలో పెడితే పనికిరాదని నాకు తెలుసు. మన పల్లెల్లో డెబ్బై దాటిన ఆడవారిలో పుట్టిన తేదీ తెలిసినవారు ఎంతమంది? ఆధార్ కార్డులో జనవరి 1 అనో జూలై 1 అనో ఎవరో రాయించినదే చాలామందికి పుట్టినరోజు. ఇంగ్లీషు నెలలు వెనక్కి చెప్పలేకపోవడం వారికి మతి తప్పినట్టు కాదు. శనివారం నుంచి ఆదివారం దాకా వారాలు వెనక్కి చెప్పమనవచ్చు, ఫాల్గుణం నుంచి చైత్రం దాకా మాసాలు చెప్పమనవచ్చు, మొన్న ఏ పండుగ వెళ్లిందో అడగవచ్చు. అయితే ఏ ప్రశ్న నిజంగా పనిచేస్తుందో మన బోధనాసుపత్రుల్లో, మన రోగుల మీద సరిచూసి తేల్చాలి. ప్రతి ఏడూ ఎందరో పీజీలు థీసిస్ అంశాల కోసం వెతుక్కుంటుంటారు. సంచాలకులుగా మీరు ఒక మాట చెబితే రెండేళ్లలో తెలుగు వృద్ధులకు సరిపోయే పరీక్ష ఒకటి చేతికి వస్తుంది.

చేతులు కట్టడం గురించి రాయకుండా తప్పించుకుంటే ఈ లేఖ నిజాయితీ గలది కాదు. నేను కట్టాను. సెలైన్ పీకేస్తారని, స్ట్రెచర్ మీద నుంచి పడిపోతారని, నలభై మంది రోగులకు ఇద్దరం నర్సులం ఉన్నామని కట్టాను. కట్టినకొద్దీ వారు పెనుగులాడతారు, పెనుగులాడినకొద్దీ మనం అవిల్ అనో ఫెనర్గాన్ అనో అందుబాటులో ఉన్న ఇంజెక్షన్ ఇస్తాం. వృద్ధులకు హాని చేసే మందులేవో చెప్పే బీర్స్ జాబితా 1991 నుంచి ఉంది. ఈ రకం మత్తు కలిగించే అలర్జీ మందులు అందులో ఉన్నాయి, ఎందుకంటే అవి అయోమయాన్ని తగ్గించకపోగా పెంచుతాయి, మూత్రాన్ని బిగబడతాయి. మూత్రం రాలేదని గొట్టం వేస్తాం, ఆ గొట్టం మనిషిని మంచానికి కట్టే మరో తాడవుతుంది, నాలుగో రోజుకు మూత్రంలో ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. ఒక్కొక్కటీ వేరుగా చూస్తే ప్రతి పనికీ కారణం ఉంది. అన్నీ కలిపి చూస్తే, నడిచి వచ్చిన మనిషిని మనమే మంచాన పడేసినట్టు కనబడుతుంది. దీనికి మందు చాలాసార్లు మందు కాదు. కళ్లజోడు పెట్టడం, చెవి మిషన్ ఉంటే తగిలించడం, పళ్ల సెట్టు ఇవ్వడం, నీళ్లు తాగించడం, మలమూత్రాలకు తీసుకువెళ్లడం, నొప్పి ఉంటే తగ్గించడం, తెలిసిన మనిషిని పక్కన కూర్చోనివ్వడం. ఇవన్నీ సెక్యూరిటీ గార్డు "అటెండెంట్లు బయటికి" అని అరిచిన క్షణంలో పోతాయి. కళ్లజోడూ పళ్ల సెట్టూ సంచిలో ఉంటాయి, సంచి కోడలి చేతిలో ఉంటుంది, కోడలు గేటు బయట ఉంటుంది.

వార్డులో మంచం ఖాళీ లేక రాత్రంతా స్ట్రెచర్ మీద ఉంచడం మన దగ్గరే కాదు, డబ్బున్న దేశాల్లోనూ జరుగుతున్నదే. దాని ఫలితం కొలిచినవారు ఉన్నారు. 2022 డిసెంబరులో ఫ్రాన్సులోని 97 ఎమర్జెన్సీ విభాగాల్లో, 75 ఏళ్లు దాటి ఆసుపత్రిలో చేర్చుకోవలసిన 1,598 మందిని పరిశీలించారు. రాత్రి మంచం దొరకక ఎమర్జెన్సీలోనే ఉండిపోయినవారిలో ఆసుపత్రిలోనే మరణించినవారు 15.7 శాతం. అర్ధరాత్రిలోపు వార్డుకు చేరినవారిలో 11.1 శాతం. ఇంగ్లండులో ప్రచురించిన మరో అధ్యయనం, వచ్చిన ఆరు నుంచి ఎనిమిది గంటల దాకా మంచం దొరకని ప్రతి 82 మందికి ఒక అదనపు మరణం ఉందని లెక్క తేల్చింది. ఆ దేశాలకంటే మన స్ట్రెచర్లు మెత్తనివి కావు. రేకు మీద ఒక రెక్సిన్ పరుపు, దాని మీద దుప్పటి ఉంటే ఉన్నట్టు. కండ కరిగిపోయిన నడుముకు ఆ రేకు తగులుతూ ఉంటే పుండుకు కొన్ని గంటలు చాలు. ఆ పుండు బయటపడేది మూడో రోజున వార్డులో కనుక, తప్పు వార్డు నర్సుది అవుతుంది. తుంటి ఎముక విరిగినవారిని అటూ ఇటూ కదిలించి ఎక్స్‌రేకు, అక్కడి నుంచి ఈసీజీకి, అక్కడి నుంచి మళ్లీ ఆర్థో వార్డుకు తోసుకువెళ్లే దృశ్యం మీకు కొత్త కాదు. వీలైనంత త్వరగా, ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేయాలని పుస్తకాలన్నీ చెబుతున్నా, ఆ మొదటి గంటల్లో నొప్పికి ఏమిచ్చారో చూస్తే చాలా కేస్ షీట్లలో ఒక డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కనబడుతుంది. ఆ వయసు మూత్రపిండాలకు అది మంచిది కాదు. గజ్జ దగ్గర నరానికి మత్తిచ్చే పద్ధతిని ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీలు నేర్చుకుంటున్నారు, దాన్ని చేయనివ్వాలి.

మన క్యాజువాలిటీలో రోగిని అడిగే మొదటి ప్రశ్న "ఏమైంది?" కాదు, "అటెండెంట్ ఏరి?" అని. రక్తపు నమూనా ల్యాబుకు మోసేది, స్ట్రెచర్ తోసేది, రిపోర్టు తెచ్చేది, బయట మందుల షాపుకు పరుగెత్తేది అటెండెంటే. ఈ పనులకు ఉండే ఎంఎన్‌ఓలు, ఎఫ్‌ఎన్‌ఓలు అనే సహాయక సిబ్బంది సరిపోరు, ఉన్నవారు ఎక్కడున్నారో తెలియదు. ఎనభై ఏళ్ల భార్యకు అటెండెంటుగా వచ్చేది ఎనభై అయిదేళ్ల భర్త. కొడుకు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు, కూతురు ఫోనులో ఏడుస్తుంటుంది. ఒంటరిగా పడి ఉంటే పక్కింటివారు 108కి ఫోను చేస్తే వచ్చినవారికి ఆ భర్త కూడా ఉండడు. అటువంటివారికి వైద్యం ఆగదని మీరు అంటారు, నిజంగానే ఎవరూ ఆపరు, కానీ ఎక్స్‌రేకు తోసేవారు లేక ఆ స్ట్రెచర్ అక్కడే ఉండిపోతుంది. ఎమర్జెన్సీ వైద్యం ఇవ్వడం ప్రతి వైద్యుడి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసులో చెప్పింది. సమయానికి వైద్యం అందించలేకపోతే అది జీవించే హక్కుకు భంగమని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో చెప్పింది. ఆ తీర్పులు రోగి వెంట అటెండెంట్ ఉండాలని ఎక్కడా షరతు పెట్టలేదు. పిల్లలు దూరంలో ఉన్నవారికి ఒక మనిషి అప్పటికప్పుడు ఫోనులో దొరికితే, "మొన్నటిదాకా ఎలా ఉండేవారు" అన్న ప్రశ్నకు జవాబు అమెరికా నుంచి కూడా వస్తుంది. ఆ ఫోను చేసే పని ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రకు అప్పగించవచ్చు. ఎవరూ లేరని తేలితే వృద్ధుల సహాయవాణి 14567కు చెప్పవచ్చు. ఈ నంబరు మన క్యాజువాలిటీ గోడల మీద నాకు కనబడలేదు, ట్యాక్సీ స్టాండు నంబరు మాత్రం కనబడింది.

చట్టం విషయానికి వస్తే, అది లేక కాదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రభుత్వాసుపత్రుల్లో వీలైనంతవరకు వృద్ధులందరికీ మంచాలు ఇవ్వాలని, వారికి వేరే వరుస ఉండాలని, ప్రతి జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వైద్యంలో అనుభవమున్న వైద్యాధికారి కింద ప్రత్యేక సౌకర్యాలు ఉండాలని దాని 20వ సెక్షన్ చెబుతుంది. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య రక్షణ జాతీయ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు ఉండాలి. పొరుగున చెన్నైలో ప్రభుత్వాసుపత్రి 1978 నాటికే వృద్ధుల విభాగం మొదలుపెట్టింది, మద్రాస్ మెడికల్ కాలేజీ 1996లో ఈ విద్యలో ఎండీ కోర్సు పెట్టింది. 2024 అక్టోబరు నుంచి డెబ్బై ఏళ్లు దాటినవారందరికీ, ఆదాయంతో పనిలేకుండా, ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుకు ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆయుష్మాన్ భారత్ భరిస్తుంది. వీటన్నిటిలోనూ నాకు కనబడే లోపం ఒకటే. వార్డు ఉంది, ఓపీ వరుస ఉంది, బీమా ఉంది, కానీ అర్ధరాత్రి వచ్చే వృద్ధుడు ముందుగా అడుగుపెట్టేది ఈ మూడింటిలో దేనిలోకీ కాదు, క్యాజువాలిటీలోకి. ఆ గది గురించి ఈ పథకాలు దాదాపు మౌనంగా ఉన్నాయి. నేను చూసిన చోట వృద్ధుల వార్డు మొదటి అంతస్తులో ఉంది, సాయంత్రం నాలుగు తరువాత అక్కడికి కేసు పంపాలంటే ఎవరిని అడగాలో క్యాజువాలిటీలో ఎవరికీ తెలియదు.

కాబట్టి కోరుతున్నాను. అరవై ఐదేళ్లు దాటిన ప్రతి రోగి కేస్ షీటు మీద "మొన్నటిదాకా ఎలా ఉండేవారు" అన్న గీతను అచ్చు వేయించండి, అందులో నడక, మతి, మామూలు రక్తపోటు, వాడే మాత్రలు రాయకుండా, ఎవరిని ముందు చూడాలో తెలిపే ట్రయాజ్ రంగు నిర్ణయించవద్దని ఆదేశించండి. కొత్తగా అయోమయం వచ్చిందని ఇంటివారు చెబితే ఆ రోగికి, ఆగగలరని తెలిపే పచ్చరంగు ఇవ్వకూడదు. డాక్టరును పిలిచే అధికారం స్టాఫ్ నర్సుకు కాగితం మీద ఉండాలి, ఎందుకంటే హౌస్ సర్జన్‌ను దాటి పీజీని పిలిచిన నర్సుకు మరుసటి రోజు ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. శ్వాసను గడియారం పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టమని నేర్పండి, ఊరికే రాసిన 18ని తప్పుగా పరిగణించండి. వృద్ధుడి పక్కన ఒక మనిషిని, ఒక్క మనిషినే, పగలూ రాత్రీ ఉండనివ్వమని సెక్యూరిటీ కాంట్రాక్టులోనే రాయించండి. క్యాజువాలిటీకి నాలుగు మందపాటి పరుపులు, గోడకు అందరికీ కనబడే ఒక గడియారం, కమోడ్ కుర్చీలు రెండు, వీటికి అయ్యే ఖర్చు ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఒక సమావేశంలో మంజూరు చేయగలిగినదే. హౌస్ సర్జన్లకు క్యాజువాలిటీ పోస్టింగు రెండు వారాలే ఉంటుంది. అందులో ఒక పూట వృద్ధుల గురించి చెప్పినా, ముప్పై ఏళ్లు వారు చూడబోయే రోగులలో ఎంతోమంది గురించి చెప్పినట్టే. ఇంటికి పంపే వృద్ధుల పేర్లను మరునాడు ఆ ఊరి ఏఎన్‌ఎంకు చేర్చే ఏర్పాటు కూడా కావాలి. మాత్రల సంచి తీసుకురమ్మని 108 సిబ్బంది ఇంటి దగ్గరే చెప్పగలరు.

ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. పాముకాటుకు గురైన రైతు, ప్రసవమై రక్తస్రావమవుతున్న తల్లి, బైకు మీద నుంచి పడ్డ కుర్రవాడు ఉండగా ముసలివారికి ముందు చోటిమ్మంటారా అని. ఇమ్మని నేను అనడం లేదు. ఆ రాత్రి లారీ గుద్దిన కుర్రవాడిని ముందు చూడటం సరైనదే, నేనూ అదే చేసి ఉండేదాన్ని. మా అత్తగారు ఆ కుర్రవాడి వెనక ఉండవలసింది, గోడ పక్కన కాదు. రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో సరిగా తెలిసిన తరువాత ఎవరిని ముందు చూడాలన్నది డాక్టర్లు తేల్చుకుంటారు. ఆ తెలియడమే ఇప్పుడు జరగడం లేదు. ఇంకొకటి, ఏ ప్రయత్నమూ చేయకుండా ప్రశాంతంగా పోనివ్వమని కోరే వృద్ధులు, కుటుంబాలు కూడా ఉంటాయి. 2018లో సుప్రీంకోర్టు అటువంటి ముందస్తు కోరికను గుర్తించింది. కానీ ఆ నిర్ణయం మనిషి ఎలా ఉండేవాడో, ఏం కోరుకునేవాడో అడిగి తీసుకునేది. అడగకుండా గోడ పక్కన వదిలేయడం ఆ నిర్ణయం కిందికి రాదు.

2011 జనాభా లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి వాటా దేశ సగటుకంటే ఎక్కువ. మే నెల ఎండల్లో వడదెబ్బతో వచ్చే వరుసను చూసినవారికి ఈ లెక్కలు చెప్పనక్కరలేదు. వచ్చే ఎండాకాలంలోగా కనీసం కేస్ షీటులో ఆ గీత వేయించగలిగితే, దాన్ని ఎలా నింపాలో నర్సులకు చెప్పడానికి మీరు ఏ ఆసుపత్రికి రమ్మన్నా వస్తాను. నాకు భత్యం అక్కరలేదు. రాత్రి డ్యూటీ వేళలోనైతే మరీ మంచిది, అప్పుడే చెప్పవలసిన రోగులు ఎదురుగా ఉంటారు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు